కొత్తపల్లి ఎక్కడ?

మా ఇంటిపేరు కొత్తపల్లి. ఈ సంగతి మా ఊళ్ళో ఏ సర్కారు కాగితం మీదా కనిపించదు. సాత్తూరుకూ కోవిల్పట్టికీ నడుమ, నల్లరేగడి నేలలో ఒక చిన్న పల్లె మాది. బడి రిజిస్టరులోనూ, రేషన్ కార్డులోనూ, వోటర్ల జాబితాలోనూ నాయన పేరులోని మొదటి అక్షరమే మా పేరుకు ముందు నిలబడుతుంది. మేము కొత్తపల్లివారమని నోరు తెరిచి చెప్పుకునేది రెండే రెండు సందర్భాల్లో. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు, ఎవరైనా పోతే కర్మ చేసేటప్పుడు.

ఇరవై ఏళ్ళ కిందట పని మీద గుంటూరు వెళ్ళాను. నేను దిగిన ఇంటి పెద్దాయన నా తెలుగు విని ముచ్చటపడి, "మీ పూర్వులది ఏ కొత్తపల్లండీ?" అని అడిగారు. ఎన్ని ఉన్నాయని అడిగాను. ఆయన నవ్వి, "కర్నూలు వైపు ఒకటుంది, కాకినాడ దగ్గర ఒకటుంది, కరీంనగర్ పక్కనే ఒకటుంది. చిన్నా చితకా పల్లెలు లెక్కబెడితే మీకు తెల్లవారిపోతుంది" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చిన్నప్పటి నుంచీ ఆంధ్రదేశంలో మాకొక ఊరుందన్న ధీమాతో పెరిగినవాణ్ణి. తీరా ఆ ఊరు చూసి పోదామనుకుంటే, కొత్తపల్లి అన్నది ఒక ఊరు కాదని తేలింది.

మా ఇంట్లో ఒక కథ చెప్పేవారు. మీలో చాలామంది ఇళ్ళలోనూ చెప్పే ఉంటారు. ఉత్తరాన ఒక తురక రాజు మా ఇంటి ఆడపిల్లను ఇమ్మని అడిగాడట. పెద్దలు సరేనని చెప్పి, రాత్రికి రాత్రి పిల్లాజెల్లా, గొడ్డూగోదా కట్టుకుని దక్షిణానికి బయలుదేరారట. వెనక సైన్యం, ముందు నిండుగా పారే నది. అప్పుడు గట్టు మీది కానుగచెట్టు వంగి వంతెనలా నిలబడితే, అందరూ దాటినాక తిరిగి లేచిందట. అందుకే మేము కానుగచెట్టును నరకము.

ఈ కథ మా ఒక్క ఇంటిదే అనుకునేవాణ్ణి. 1909లో వెలువడిన థర్‌స్టన్ గారి దక్షిణదేశపు కులాల గ్రంథంలో తొట్టియర్ల గురించి చదువుతుంటే అక్కడా ఇదే కానుగ, ఇదే నది. మా కోవిల్పట్టి పక్కనే ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు 1976లో తెచ్చిన 'గోపల్ల గ్రామం' నవలలో, అరవంలో, ఇదే కథ మరింత అందంగా ఉంది. కమ్మవారు, రెడ్లు, రాజకంబళంవారు, ఎవరిని కదిలించినా ఇలాంటి కథే చెబుతారు. ఇన్ని ఇళ్ళవాళ్ళు ఒకే రాత్రి, ఒకే నది, ఒకే చెట్టు మీదుగా దాటి ఉండరు గదా!

చరిత్ర చెప్పేది కొంచెం వేరుగా ఉంటుంది. 1371 ప్రాంతంలో విజయనగర రాజకుమారుడు కంపన మధుర సుల్తానులను గెలిచాడు. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడితో మధుర నాయకరాజుల పాలన మొదలై 1736 దాకా సాగింది. దేశాన్ని 72 పాళెములుగా పంచారని ప్రతీతి. ఆ రెండు మూడు వందల ఏళ్ళలో తెలుగువారు దండుతో వచ్చారు, దండు వెనక వ్యాపారానికి వచ్చారు, పత్తి పండే నల్లనేల ఉందని విని నాగళ్ళతో వచ్చారు. నేతగాళ్ళు వచ్చారు, తోలుపని చేసేవారు వచ్చారు. పారిపోయి వచ్చినవారు కొందరుండవచ్చు. కానీ ఎక్కువమంది గెలిచినవారి నీడన వచ్చారు. వచ్చినవారు తమ రాకను పరాజయంగా, మానరక్షణగా ఎందుకు చెప్పుకున్నారన్నది ఆలోచించవలసిన విషయమే. ఊరు వదిలినవాడికి ఒక కారణం కావాలి, అది గౌరవమైన కారణం కావాలి. ఆ అవసరాన్ని కథ తీర్చింది. అయితే అందులో చిరునామా మాత్రం లేదు.

అందుకని కాగితాల వెంట పడ్డాను. పడ్డ కష్టాలు చెబితే ఇలాంటి పని తలపెట్టేవారికి కొంత ఉపయోగం ఉంటుంది.

మొదటి కష్టం పేర్లది. మా ఇంట పెద్దకొడుక్కు తాత పేరు పెడతారు. అంటే రామసామి కొడుకు వెంకటసామి, వెంకటసామి కొడుకు రామసామి. రిజిస్టరులో 'రామసామి తండ్రి వెంకటసామి' అని కనిపిస్తే అది మా తాతో, తాతకు తాతో చెప్పడం బ్రహ్మతరం కాదు. ఇంటిపేరు రాసి ఉంటే కనీసం ఏ వంశమో తెలిసేది. అరవదేశపు లెక్కల్లో ఇంటిపేరు రాసే అలవాటే లేదు. 'నాయక్కన్' అని ఉంటుంది, కొన్నిచోట్ల ఉత్తరాదివాడనే అర్థంలో 'వడుగన్' అని ఉంటుంది. ఆ రెండు మాటల కింద పదిరకాల తెలుగువారున్నారు. చివరికి నాకు ఆదుకున్నవి రెండు. ఒకటి పొలం హద్దులు. మనుషుల పేర్లు తిరిగి తిరిగి వచ్చినా పొలం కదలదు. రెండోది ఎగతాళి పేర్లు. కరణం ఒకచోట 'మొట్ట రామసామి' అని రాశాడు. మొట్ట అంటే బోడితల. ఆ బోడితల ఎవరిదో మా అత్తకు తెలుసు. ఆవిడ అత్తగారు చెప్పిందట.

రెండో కష్టం జిల్లాలది. సాత్తూరు, శ్రీవిల్లిపుత్తూరు తాలూకాలు 1910 దాకా తిరునెల్వేలి జిల్లాలో ఉండేవి. ఆ ఏడు రామనాథపురం జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. 1985లో విరుదునగర్ జిల్లాకు వచ్చాయి. కోవిల్పట్టి మాత్రం తిరునెల్వేలిలోనే ఉండి 1986లో తూత్తుకుడి జిల్లాకు పోయింది. మా పొలాలు ఈ రెంటి సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నాయి. కాబట్టి పాత లెక్క కావాలంటే ముందు 'ఆ ఏడు ఈ ఊరు ఏ జిల్లాలో ఉండేది?' అని అడగాలి. నేను ఏడాది పాటు తప్పు కట్టల్లో వెతికాను.

మూడోది కరణాలది. తమిళనాట 1980 నవంబరులో వంశపారంపర్యపు గ్రామోద్యోగాలు రద్దయ్యాయి. ఊరి లెక్కలు తాలూకా కచేరీకి పోయాయి. అన్నీ పోలేదు, కొన్ని కరణంగారి అటక మీదే ఉండిపోయాయి. మా కరణంగారి మనుమడు మంచివాడు. అటక ఎక్కనిచ్చాడు. అక్కడ దొరికిన చావుపుట్టుకల పుస్తకంలో మా ముత్తాత మరణం ఒక వరుసలో ఉంది. వయసు, రోగం రాశారు. ఆయన భార్య ఎప్పుడు పోయిందో మరో ఏటి పుస్తకంలో కనిపించింది. అక్కడ ఆవిడ పేరు లేదు, 'వెంకటసామి పెండ్లాం' అని ఉంది. మగవాళ్ళను పన్ను కోసం రాశారు, ఆడవాళ్ళను రాయనేలేదు. ఆవిడ పేరు మళ్ళీ అత్త నోటనే విన్నాను.

ఆ తరువాత మద్రాసు వెళ్ళాను. ఎగ్మూరులోని ఆ ఎర్రటి భవనం 1909 నాటిది. ఇప్పుడు తమిళనాడు ఆర్కైవ్స్ అంటారు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ఊరూరా తిరిగి రాయించిన రిజిస్టర్లు అక్కడున్నాయి. ఏ పొలం, ఎన్ని ఎకరాలు, ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవించేవారి వయసెంత, వారసులెవరు - ఇవన్నీ గళ్ళు గీసి నింపిన రిజిస్టర్లు. గుడిపూజకో, చలిపందిరికో, ఊరికావలికో మీ పెద్దలకు మాన్యం ఉండి ఉంటే, రెండు మూడు తరాల వంశవృక్షం మీకు ఒక్క పుటలో దొరుకుతుంది. మా ఊరి పుటలు నేను వణికే చేతులతో తిప్పాను. దేవుడి మాన్యం ఉంది, మంగలి మాన్యం ఉంది, చాకలి మాన్యం ఉంది. మాది లేదు. పాళెగాడి దగ్గర సేనానులమని ఇంట్లో చెప్పుకున్న మా పెద్దలకు సెంటు భూమి ఎవరూ దానంగా ఇవ్వలేదు. రాజకీయంగా మేము ఎవరమూ కాము. ఆ పూట ఎగ్మూరు స్టేషన్లో కాఫీ తాగుతూ కాసేపు చిన్నబోయాను.

అక్కడితో ఆగిపోయేవాణ్ణే. మా ఇంట్లో సామిపెట్టె అని ఒక వెదురుపెట్టె ఉంది. ఏడాదికొకసారి మహాశివరాత్రికి కులదైవం గుడికి పోయేటప్పుడే తెరుస్తారు. అందులో ఒక పాత చీర, గాజులు, పసుపు గుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట ఉంటాయి. ఆ కట్టలో మా వంశచరిత్ర ఉందని అందరి నమ్మకం. చదివినవారు ఎవరూ లేరు. కారణం మీకు వేరే చెప్పాలా? ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చింది అరవం. నేను తెలుగు అక్షరాలు నలభై దాటినాక నేర్చుకున్నాను. మా పెదనాయనను బతిమాలి, ఆకులకు దీపపు మసి, నూనె రాసి, తుడిచి చదవడం మొదలుపెట్టాను.

తెలుగు అక్షరాల్లో ఉన్న ఆకులు పదకొండు. వాటిలో వంశచరిత్ర లేదు. పత్తి ఎన్ని తూకాలు, విత్తనాలు ఎవరికి అప్పిచ్చారు, తిరిగి ఎన్ని మానికలు వచ్చాయి - అంతా చిట్టా లెక్క! వందేళ్ళకు పైగా మేము పసుపు కుంకుమలు పెట్టి మొక్కింది మా పూర్వుల అప్పుల పద్దుకు. పెదనాయన ముఖం చూసి నవ్వు ఆపుకున్నాను.

పన్నెండో ఆకు అరవంలో ఉంది. అది క్రయపత్రం. కొల్లం 1012, దుర్ముఖి, తై నెల అని తేదీ. తిరునెల్వేలి సీమలో మలయాళదేశపు కొల్లం శకం వాడుకలో ఉండేది. దానికి 825 కలిపితే ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. దుర్ముఖి ఒక్కటే ఉంటే అరవై ఏళ్ళకొకసారి వస్తుంది గనుక 1836 కావచ్చు, 1896 కావచ్చు. కొల్లం లెక్క తోడు ఉండబట్టి అది 1837 జనవరి ప్రాంతమని గట్టిగా చెప్పగలిగాను. పాత పత్రం దొరికినవారు ఈ రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూసుకోవాలి. ఫసలీ ఉంటే 590 కలపాలి.

ఆ పత్రంలో కొన్నవాడిని ఇలా రాశారు: 'పుదుప్పట్టియిలిరుందు వందు కుడియేఱిన వడుగన్ రామసామి నాయక్కన్'. అంటే పుదుప్పట్టి నుంచి వచ్చి ఇక్కడ కాపురమున్న వడుగుడు. వెల ఎంతో పురుగు తినేసింది. నాలుగు హద్దులు మాత్రం చక్కగా ఉన్నాయి. పడమటి హద్దు ఒక బావి.

పుదుప్పట్టి అన్న పేరు అరవదేశంలో, కొత్తపల్లి అన్న పేరు ఆంధ్రదేశంలో ఉన్నంత విరివిగానూ ఉంది. నాకు వెంటనే తట్టలేదు. ఆలోచిస్తే, మేము శివరాత్రికి పోయే కులదైవం గుడి ఒక పుదుప్పట్టి పొలిమేరలోనే ఉంది. మా ఊరికి పాతిక కిలోమీటర్లు. అంత దూరం ఎందుకు పోతున్నామని ఎవరూ అడిగి ఎరగరు. ఆ వారమే బస్సెక్కాను.

ఆ ఊళ్ళో తొంభైకి దగ్గరపడిన అవ్వ ఒకామె ఉందంటే వెళ్ళి కూచున్నాను. నేను ఎవరినో చెప్పి, "కొత్తపల్లివాళ్ళు ఈ ఊళ్ళో ఎవురైనా ఉండారా అవ్వా?" అని అడిగాను.

"ఈ ఊళ్ళో కొత్తపల్లోళ్ళు ఎట్లుంటారురా పిచ్చోడా! ఈ ఊరే కదా కొత్తపల్లి. అరవంలో పుదుప్పట్టి అంటారు. మా అవ్వకాలంలో మనోళ్ళు కొత్తపల్లె అనే అనేవాళ్ళు. ఈడనుంచి పోయినోళ్ళను, పోయిన ఊళ్ళో కొత్తపల్లోళ్ళు అన్నారు."

నాకు నోట మాట రాలేదు. ఎంత చిన్న సంగతి! ఊరి పేరు ఇంటిపేరయ్యేది ఊరు వదిలినవాడికే గాని ఊళ్ళో ఉన్నవాడికి కాదు. గుంటూరు నుంచి కర్నూలు దాకా నేను వెతికిన కొత్తపల్లి మా గుడి పక్కనే ఉంది.

"మనం ఒకటే వంశమని ఎట్ల తెలుసు అవ్వా?" అని అడిగాను. ఆమె వేళ్ళు మడిచి చెప్పింది. గోత్రం ఒకటే. ఈ రెండిళ్ళ మధ్య పిల్లను ఇచ్చిందీ లేదు, తెచ్చుకుందీ లేదు. "మీ తాత పోయినప్పుడు మేము మైల పట్టినాము. కబురు తెచ్చినోడికి అన్నం పెట్టింది నేనే. ఆపైన మీరూ చెప్పింది లేదు, మేమూ పట్టింది లేదు." రిజిస్టర్లు చెప్పలేనిది మైల చెప్పింది. ఎవరి చావుకు ఎవరు తలంటు పోసుకుంటారో అదే వంశవృక్షం. ఆ లెక్కను అటు మా ఊళ్ళో అత్త, ఇటు ఈ అవ్వ మోస్తూ వచ్చారు. 'వెంకటసామి పెండ్లాం' అని తప్ప పేరు రాయడానికి సర్కారు ఒప్పుకోని ఆడవాళ్ళే.

"మరి మీ ఇంటిపేరేంది?" అన్నాను చివరికి, ఆంధ్రదేశపు ఊరు ఏదైనా అందులో తగులుతుందేమోనని.

"పెద్దింటోళ్ళం" అంది. పెద్ద ఇల్లు! అందులోనూ ఊరు లేదు.

ఊరికి వచ్చి పత్రంలోని పడమటి హద్దు వెతికాను. ఆ పొలం మా చేతుల్లో నుంచి ఎప్పుడో పోయింది. బావి పూడిపోయి గట్టు మాత్రం మిగిలింది. పక్కన పనిచేసుకుంటున్న అరుంధతియర్ పెద్దాయన తెలుగులోనే పలకరించాడు. "దీన్ని వడుగర్ కిణరు అంటారు సామీ. కపిల బాన కుట్టింది మా తాతలు" అన్నాడు. ఆ మాట నన్ను ఆపేసింది. వారూ ఉత్తరం నుంచి ఇదే భాషతో వచ్చినవారే. బావి తవ్వించినవాడి పేరు పత్రంలో ఉంది. ఆ బావిలో నీళ్ళు పైకి తెచ్చిన బాన కుట్టినవాడి పేరు ఏ ఆకు మీదా లేదు. నాకు పేరు లేదని ఎగ్మూరులో నేను చిన్నబోయిన సంగతి గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. ఆయన చెప్పిన నాలుగు తరాల పేర్లు నా పుస్తకంలో మా పేర్ల పక్కనే రాసుకున్నాను.

ఇదంతా పెదనాయనకు చెప్పినప్పుడు ఆయన కోపంగా లేచారు. "అంటే మనం ఆంధ్ర నుంచి రాలేదంటావా?"

ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఆయన వయసులో ఉన్నప్పుడు, ఊళ్ళో నీళ్ళ తగవులో ఒకడు అందరి ముందూ 'వందేరి' అన్నాడు. వచ్చి చేరినవాడని తిట్టు. ఆ రోజు నుంచి ఆయనకు ఎక్కడో ఒక కొత్తపల్లి ఉండాలి, తనదైన నేల ఉండాలి. అటు ఆంధ్రకు పోతే మా యాస విని 'అరవవాళ్ళు' అంటారు. ఇక్కడేమో వడుగులం. రెండు చోట్లా అతిథులమే అయిన మనకు ఇంటిపేరు ఒక ఇంటి తాళంచెవి లాంటిది. ఆ తాళంచెవి సరిపోయే తలుపు పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉందంటే ఆయనకు ఆ తలుపు చిన్నదిగా కనబడింది.

"రాలేదనలేదు పెదనాయనా" అన్నాను. "మన మాటే చెబుతుంది ఎక్కడి నుంచి వచ్చామో. ఏ ఊరి నుంచి అన్నదే చెప్పలేం. కానీ వందేరి అన్నవాడికి చూపించడానికి ఇప్పుడు ఒక పత్రం ఉంది. 1837లో మనం ఇక్కడ పొలం కొన్నాం, డబ్బిచ్చి కొన్నాం. ఎవరిదీ లాక్కోలేదు, ఎవరూ దానం ఇవ్వలేదు." ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ ఆకు అడిగి తీసుకుని, చదవలేకపోయినా, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశారు.

ఇప్పటికి నాకు తెలిసింది ఇంతే. నాలుగు తరాలు రిజిస్టర్ల సాక్ష్యంతో చెప్పగలను. అయిదో తరం తాటాకు సాక్ష్యంతో చెప్పగలను. ఆ అయిదోవాడు పుదుప్పట్టిలో పెద్దింటివారి శాఖ అని మైల సాక్ష్యంతో చెప్పగలను. ఆ పైన ఉన్నది కానుగచెట్టు. దాన్ని కొట్టెయ్యను, అలాగని లెక్కల్లో కలపను.

ఈ వెతుకులాట మొదలుపెట్టదలచినవారు ముందు కచేరీలకు పోకండి. ఇంట్లో పెద్దావిడ దగ్గర కూచోండి. మైల ఎవరితో, పిల్లను ఇవ్వనిది ఎవరికి, శివరాత్రికి పోయే గుడి ఏది, చుట్టుపక్కల ఊళ్ళను మన పెద్దలు తెలుగులో ఏమని పిలిచేవారు అని అడిగి రాసుకోండి. రిజిస్టర్లు ఎగ్మూరులో ఇంకా కొన్నాళ్ళు ఉంటాయి. పుదుప్పట్టి అవ్వ నేను కలిసిన మరుసటేడే పోయింది. 2006లో తెచ్చిన చట్టం తరువాత మన పిల్లలకు బడిలో అరవం తప్పనిసరి అయింది. నేర్చుకోనీండి, అది మన నేల మాట. తెలుగు అక్షరాలు మాత్రం ఇంట్లో మనమే దిద్దించాలి. లేకపోతే అప్పుల పద్దుకు మళ్ళీ పసుపు కుంకుమలు పెట్టవలసి వస్తుంది.

అవ్వ పోయిన కబురు నాకు ఫోనులో చెప్పారు. ఇంట్లో చెప్పగానే పెదనాయన లేచి పెరట్లోకి వెళ్ళి తలమీద నీళ్ళు పోసుకున్నారు. పది దినాలు మైల పట్టాము.